పూజకో పసుపు, దిష్టికో పసుపు, ఒంటికో పసుపు: ఏది కొనాలి?

పూజా సామగ్రి కొట్టుకు వెళ్తే ఒకే అరలో మూడు రకాల పసుపు కనిపిస్తుంది. "పూజా పసుపు" అని తక్కువ ధరకు ఒక ప్యాకెట్, "కస్తూరి పసుపు" అని కాస్త ఖరీదైన చిన్న డబ్బా, పక్కనే కొమ్ముల పొట్లం. కిరాణా కొట్టులో కూర పసుపు సరేసరి. ఫోన్ తెరిస్తే మేఘాలయ లకడాంగ్ పసుపు, నల్ల పసుపు, అడవి పసుపు, సేంద్రియ పసుపు అంటూ ఇంకో పది వస్తాయి. అన్నీ పసుపే, కానీ అన్నీ ఒకటి కావు. కొన్నిటికి అసలు పసుపు మొక్కతో చుట్టరికమే లేదు.

చదివే ఓపిక లేనివాళ్ళకు నా సలహా ముందే చెప్పేస్తాను. ఏడాదికి సరిపడా మంచి కొమ్ములు కొని, మర పట్టించి, అదే పొడిని వంటకీ, దేవుడికీ, ఒంటికీ వాడుకోండి. ముఖానికి రోజూ రాసుకునే అలవాటుంటే కస్తూరి పసుపు విడిగా తెచ్చుకోండి. "పూజా పసుపు" ప్యాకెట్ మాత్రం మానేయండి. ఎందుకో కింద చెప్తాను.

ముందు ఏది ఏమిటో తెలియాలి

మనం కూరలో వేసుకునేది కుర్కుమా లాంగా అనే మొక్క దుంప. జూన్ ప్రాంతంలో వేస్తే సంక్రాంతి దాటాక తవ్వుతారు. తవ్విన దుంపల్ని ఉడకబెట్టి, పది పదిహేను రోజులు ఎండబెట్టి, డ్రమ్ముల్లో తిప్పి పాలిష్ పడతారు. వేళ్ళలా సన్నగా ఉండేవి కొమ్ములు. గుండ్రంగా ఉండే తల్లి దుంపల్ని కొన్నిచోట్ల కాయ అనీ, కొన్నిచోట్ల మండ అనీ అంటారు. దుగ్గిరాల యార్డులోనైనా, నిజామాబాద్ మార్కెట్‌లోనైనా ఈ రెంటికీ వేర్వేరు ధరలు పలుకుతాయి. కొమ్ముదే పైచేయి. జాతీయ పసుపు బోర్డు కూడా 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగానే మొదలైంది. అంటే మంచి పసుపు కోసం మనం దూరం వెళ్ళాల్సిన పని లేదు.

పసుపుకు రంగునిచ్చేది కర్క్యుమిన్. మామూలు రకాల్లో ఇది 2 నుంచి 5 శాతం దాకా ఉంటుంది. మేఘాలయ జైంతియా కొండల్లో పండే లకడాంగ్‌లో 7 శాతం పైనే ఉంటుందని పేరు. వాసన ఇచ్చేది మాత్రం కర్క్యుమిన్ కాదు, దుంపలోని నూనె. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. పాతబడిన పసుపులో వాసన పోయినా రంగు చాలాకాలం నిలుస్తుంది. కాబట్టి రంగు చూసి తాజాదో కాదో చెప్పలేం.

పచ్చి పసుపు అంటే ఉడకబెట్టని తాజా దుంప. సంక్రాంతి రోజుల్లో రైతుబజార్లలో దొరుకుతుంది. నూనె పూర్తిగా ఉంటుంది కనుక ఘాటు ఎక్కువ. మట్టి కూడా ఎక్కువే.

కస్తూరి పసుపు వేరే జాతి, కుర్కుమా అరోమాటికా. దుంప లోపల లేత రంగులో ఉంటుంది, కర్పూరం లాంటి వాసన వేస్తుంది. రాసుకుంటే చర్మానికి పచ్చదనం పెద్దగా అంటదు. ఇది గుర్తుంటే సగం మోసాలు తప్పుతాయి. "కస్తూరి పసుపు" డబ్బాలో చిక్కటి పసుపు రంగు పొడి ఉందంటే అది వేరే దుంప పొడో, కూర పసుపుకే సెంటు కలిపిందో అయ్యుండే అవకాశం ఎక్కువ.

మాను పసుపు పేరులోనే పసుపు. మూలికల కొట్టులో ఎండిన కట్టె ముక్కల్లా అమ్మేది ఒక అడవి తీగ కాండమో, హిమాలయాల వైపు పెరిగే ముళ్ళ పొద కాండమో. దానిలో రంగు బెర్బెరిన్ అనే మరో పదార్థానిది. ఆయుర్వేదం పసుపునీ దీన్నీ జంటగా చెబుతుంది కానీ ఒకదాని బదులు ఇంకొకటి వాడమని కాదు. పడమటి కనుమల్లో ఈ తీగ నరికి నరికి అరుదైపోయింది. వైద్యుడు రాసిస్తే తప్ప దీని జోలికి వెళ్ళొద్దు.

దేవుడి దగ్గరి పసుపు అక్కడే ఆగదు

పూజకు కదా, ఏదైతేనేం అనుకుంటాం. తినేది కాదు, దేవుడి పటానికి పెట్టేది, తక్కువ ధరలో వస్తే చాలనుకుంటాం. కొట్టువాడు కూడా అదే అంటాడు. చాలా పూజా పసుపు ప్యాకెట్ల వెనక చిన్న అక్షరాల్లో "తినడానికి కాదు" అని ఉంటుంది. ఆ ఒక్క మాటతో అందులో ఏం కలిపారో అడిగే దారి మూసుకుపోతుంది. బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి, సుద్ద, రంగు, ఏదైనా ఉండొచ్చు.

కానీ మన ఇళ్ళలో దేవుడి దగ్గర పెట్టిన పసుపు ఎక్కడికి పోతోందో ఒకసారి చూడండి. ఏ వ్రతమైనా పసుపు గణపతితో మొదలవుతుంది. ఉద్వాసన చెప్పాక ఆ ముద్దనే ఆడవాళ్ళు మంగళసూత్రాలకు అద్దుకుంటారు, ముఖానికి రాసుకుంటారు. బతుకమ్మ మీద పెట్టే గౌరమ్మ సంగతీ అంతే, నీళ్ళలో సాగనంపే ముందు ఆ పసుపును పుస్తెలకు పూసుకుంటారు. అక్షతలు తల మీద పడతాయి, పక్కన కూర్చున్న పిల్లాడు రెండు గింజలు నోట్లో వేసుకుంటాడు. తెలంగాణలో ఆడబిడ్డకు ఒడిబియ్యం పోస్తే పసుపు కలిపిన ఆ బియ్యాన్ని ఇంటికి తీసుకెళ్ళి, వండి, చుట్టుపక్కల వాళ్ళను పిలిచి భోజనం పెడతారు. ఇంకా ఇది "తినడానికి కాదు" ఎలా అవుతుంది?

అందుకే పూజకు కూడా కూర పసుపే వాడమంటాను. ధర తేడా ఏడాది మొత్తం మీద లెక్కేసినా ఒక పండగ పూల ఖర్చంత ఉండదు.

కొమ్ము అవసరమయ్యే చోట పొడి పనికిరాదు. ఒడిబియ్యంలో, తాంబూలంలో, పసుపు దంచే వేడుకలో, పుస్తెలు లేనప్పుడు తాడుకు కట్టడానికి, ఇలాంటి వాటికి కొమ్ములే కావాలి. విరగని, కొసలు తెగని కొమ్ములు ఏరి ముందే ఒక డబ్బాలో పక్కన పెట్టుకుంటే పండగ పూట పరుగెత్తే టెన్షన్ ఉండదు. పెళ్ళిలో పసుపు దంచేటప్పుడు పైపైన నాలుగు దెబ్బలు వేసి, నలుగుకు మాత్రం ప్యాకెట్ పొడి తెచ్చుకోవడం మామూలైపోయింది. ఆ దంచినదాన్నే జల్లించి పెళ్ళికూతురికి వాడితే వేడుకకు వేడుక, పనికి పని.

పసుపు తాడు విషయంలో ఇంకొక జాగ్రత్త. కొట్టులో దొరికే తాళ్ళు, తోరాలు చాలావరకు అద్దకం రంగువి. మెడ చుట్టూ దురద, నల్లటి చార వస్తున్నవాళ్ళు తెల్ల నూలు దారం తెచ్చి ఇంట్లోనే పసుపు నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టుకుంటే మేలు. అది ఎండకు, స్నానానికి త్వరగా వెలిసిపోతుంది. కర్క్యుమిన్ ఎండకు నిలవదు. ఎన్నాళ్ళైనా వెలవకుండా మెరిసే తాడునే నేను అనుమానిస్తాను.

గడపకు మాత్రం ఏ పసుపైనా ఫరవాలేదు. కాస్త పాతదైనా సరే. పసుపు రంగు ఎనామిల్ పెయింట్ వేసేసి పనైపోయిందనుకునే ఇళ్ళూ ఉన్నాయి. వాళ్ళు కూడా శుక్రవారం వచ్చేసరికి ఆ పెయింట్ మీదే మళ్ళీ పసుపు రాస్తారు.

పసుపు ముత్తైదువలకే అనే పట్టింపు గురించి ఒక్క మాట. అమ్మవారి బోనం ముందు నడిచే పోతురాజు ఒళ్ళంతా పసుపే. అమ్మవారు పోసిన పిల్లాడికీ, దెబ్బ తగిలిన ముసలాయనకీ పూసేది ఆ పసుపే. భర్త పోయిన మనిషికి మాత్రం అది ఎలా దూరమవుతుందో నాకు అర్థం కాదు.

దిష్టికి, మంత్రానికి

కొత్త దంపతులు గడప దాటేటప్పుడు, బాలింత ఇంటికొచ్చినప్పుడు తిప్పే ఎర్రనీళ్ళు అందరికీ తెలుసు. పళ్ళెంలో నీళ్ళు, చిటికెడు పసుపు, వేలికొస సున్నం. కలపగానే రక్తం రంగు. సున్నంలోని క్షారం తగిలితే కర్క్యుమిన్ ఎర్రబడుతుంది. పసుపు మరక మీద సబ్బు రుద్దితే చీర ఎర్రగా అయ్యేదీ ఇందుకే. పసుపు కొమ్ముల్ని నిమ్మరసం, వెలిగారం, పటికతో నానబెట్టి ఎండబెట్టి దంచితే కుంకుమ అవుతుంది. అక్కడ కర్క్యుమిన్ ఎర్రబడేది వెలిగారంతో కలిసి.

కాబట్టి దిష్టినీళ్ళకు కావలసింది రంగు మాత్రమే. వాసన పోయిన పాత పసుపు ఇంట్లో ఉంటే దాన్ని ఖర్చుపెట్టడానికి ఇదే సరైన చోటు. కస్తూరి పసుపు ఇక్కడ దండగ, ఎర్రదనం అంతగా రాదు. ఖరీదైన లకడాంగ్ అసలే వద్దు. నీళ్ళు ఎర్రబడలేదంటే మీ పొడిలో పసుపు దాదాపు లేనట్టే. అయితే ఎర్రబడినంత మాత్రాన కల్తీ లేదని కాదు, పసుపు కూడా ఉందని మాత్రమే.

దిష్టికి ఉప్పు మిరపకాయలు తియ్యాలా, నిమ్మకాయా, గుమ్మడికాయా, ఎర్రనీళ్ళా అని అడిగేవాళ్ళకు: పసిబిడ్డ ఉన్న ఇంట్లో మిరపకాయలు నిప్పుల్లో వేస్తే ఆ ఘాటుకు బిడ్డ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. అక్కడ ఎర్రనీళ్ళే నయం. కాకపోతే సున్నం నిజంగా వేలికొసంతే వేయాలి. నీళ్ళు బిడ్డ మీద చిలకరించకూడదు, సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం. పారబోసేది నలుగురు నడిచే మెట్ల మీద కాకుండా చూసుకోవాలి. పసుపు కొమ్మును దారానికి కట్టి పిల్లల మెడలో వేసే అలవాటు ఉంటే ఉయ్యాల తాడుకో, తలుపుకో కట్టండి. మెడలో దారం, నోటికందే కొమ్ము, రెండూ పసివాళ్ళకు మంచివి కావు.

మంత్రసాధనలో పసుపుకు పెద్ద పీట వేసింది బగళాముఖి అనే దేవత ఉపాసన. పచ్చని బట్టలు, పచ్చని పూలు, జపానికి పసుపు కొమ్ముల మాల. ఆ మాల కొనేవాళ్ళు ఒకటి గమనించాలి. చాలా మాలల్లో పూసలు కొమ్ములు కావు, పసుపు రంగు వేసిన చెక్క. ఒక పూసను గోటితో గీరి వాసన చూడండి. తడి చేత్తో పట్టుకుంటే చేతికి కొద్దిగా పసుపు అంటాలి, రంగు కారకూడదు. నిజమైన కొమ్ముల మాలకు ముసురు రోజుల్లో పురుగు పడుతుంది. అప్పుడప్పుడు ఎండ చూపించక తప్పదు.

ఇక నల్ల పసుపు. ఇది కుర్కుమా కేసియా అనే వేరే జాతి. ఈశాన్య రాష్ట్రాల్లో, ఒడిశా, మధ్యప్రదేశ్ అడవుల వైపు పెరుగుతుంది. కోస్తే లోపల నీలం నలుపు రంగు. అక్కడి గిరిజన వైద్యంలో దీని వాడకం ఉంది. మన దగ్గరికొచ్చేసరికి ధనాకర్షణ, వశీకరణం అని పేరు పెట్టి ఒక్క ముక్కను వేలల్లో అమ్ముతున్నారు. డబ్బు రప్పిస్తుందన్న దుంపను అమ్ముకుని డబ్బు తీసుకునేవాడిని చూస్తే ఆ సంగతి తేలిపోవాలి. అయినా కొంటానంటే విరిచి చూడండి. పైన నలుపు, లోపల మామూలు పసుపు రంగు ఉంటే అది రంగు నీళ్ళలో ముంచిన మన కొమ్మే.

మంత్రానికీ మందుకీ మధ్య గీత మన పాతవాళ్ళకు అంత గట్టిగా లేదు. అథర్వవేదంలో కామెర్ల పచ్చదనాన్ని మనిషి నుంచి తీసి చిలకల మీదికి పంపే మంత్రం ఉంది. పచ్చదనం పచ్చని వాటికే చేరాలని ఆ ఊహ. ఊహగా ఎంత అందంగా ఉన్నా, కామెర్లు వచ్చినప్పుడు మాత్రం రక్తపరీక్షకే వెళ్ళండి. పసుపు సారం ఎక్కువ మోతాదులో ఉండే మాత్రలు కొందరిలో కాలేయాన్నే దెబ్బతీసిన కేసులు వైద్యపత్రికల్లో నమోదయ్యాయి.

ఒంటికి: ఎక్కడ రాయాలి, ఎక్కడ చెయ్యి ఆపుకోవాలి

పసుపు గాయాల్ని మాన్పుతుందని అమెరికా కూడా ఒప్పుకుంది, పేటెంట్ ఇచ్చింది అనే కథ తరచూ వినిపిస్తుంది. జరిగింది ఇదీ. గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద 1995 మార్చిలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి అమెరికా పేటెంట్ ఇచ్చింది. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ 1996లో దాన్ని సవాలు చేసి, సంస్కృత గ్రంథాల నుంచి 1953 నాటి భారతీయ వైద్యపత్రికలోని వ్యాసం దాకా 32 ఆధారాలు ముందుపెట్టింది. 1997లో ఆ పేటెంట్ రద్దయింది. అక్కడ తేలింది ఇది కొత్త సంగతి కాదని, మన ఇళ్ళలో ఎప్పటినుంచో తెలుసని. ఏ గాయానికైనా పసుపు చాలని ఎవరూ తేల్చలేదు.

ల్యాబులో కర్క్యుమిన్ సూక్ష్మజీవుల్ని అణచడం, వాపు తగ్గించడం నిజమే. కానీ మన డబ్బాలో ఉన్నది కర్క్యుమిన్ కాదు, మట్టిలో పెరిగి, కళ్ళంలో ఎండి, మరలో పొడి అయిన దుంప. అది శుభ్రంగా కనిపిస్తుంది కానీ సూక్ష్మజీవులు లేనిది కాదు. కూరలో ఉడికితే ఇబ్బంది లేదు, తెరిచిన పుండులో నేరుగా చల్లితే ఇబ్బందే.

కత్తిపీట కోసుకున్న చిన్న గాయానికి ముందు నీళ్ళతో, సబ్బుతో కడగండి. రక్తం ఆగాక ఒక చిటికెడు పెట్టుకున్నా పెద్ద ప్రమాదం లేదు. లోతైన గాయం, ఇనుము గుచ్చుకున్నది, మట్టి పట్టినది అయితే పసుపు పెట్టొద్దు, టీటీ ఇంజెక్షన్‌కు వెళ్ళండి. షుగర్ ఉన్నవాళ్ళ కాలి పుండు మీద అసలే వద్దు. పసుపు పూత కింద ఎరుపు, చీము కనపడవు. డాక్టరు ముందు అదంతా కడిగితే గానీ లోపల ఏముందో చూడలేరు.

కాలిన చోట పసుపు, సిరా, టూత్‌పేస్ట్, ఏదీ వద్దు. కుళాయి కింద పారే చల్లని నీళ్ళలో ఇరవై నిమిషాలు ఉంచండి. కుక్క కరిస్తే పసుపూ సున్నమూ, కారమూ పెట్టే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. అక్కడ కావలసింది సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడగడం, ఆ వెంటనే రేబిస్ టీకా. పుట్టిన బిడ్డ బొడ్డు మీద కూడా ఏమీ పెట్టకుండా పొడిగా ఉంచమనే డాక్టర్లు చెబుతారు. అమ్మమ్మలు నొచ్చుకుంటారు, నొచ్చుకోనివ్వండి.

మరి పసుపు నిజంగా పనికొచ్చే చోట్లు లేవా అంటే ఉన్నాయి. చర్మం తెగనిచోట దాని దారి వేరు. బెణుకుకు, వాపుకు పసుపు పట్టు వేస్తే హాయిగా ఉంటుంది. పసుపు, ఉప్పు కలిపి గోరువెచ్చగా వేయడమా, పసుపు, సున్నం కలిపి వేయడమా అని అడిగితే ఉప్పుతోనే వేయమంటాను. సున్నం కాస్త ఎక్కువైతే లేత చర్మం కాలి బొబ్బలు వస్తాయి, పిల్లలకు, ముసలివాళ్ళకు మరీను. కాలు నేల మీద మోపలేనంత నొప్పి ఉంటే పట్టు వేసే ముందు ఎక్స్‌రే.

నాట్లలో నీళ్ళలో నిలబడి వేళ్ళ సందులు పాసిపోయిన కాళ్ళకు, మడమల పగుళ్ళకు కొబ్బరినూనెలోనో, ఆముదంలోనో కలిపిన పసుపు మంచి ఎంపిక. కర్క్యుమిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే నీళ్ళతో కలిపిన పూత ఎండి రాలిపోతుంది, నూనెతో కలిపింది పట్టి ఉంటుంది. రాత్రి కాళ్ళు కడిగి, బాగా తుడిచి, ఆరాక రాయాలి. తడి మీద రాస్తే తడి లోపలే ఉండిపోతుంది. గోరుచుట్టుకు నిమ్మకాయలో పసుపు పెట్టి వేలికి తొడగడం మొదటి రోజుకి సరే. చీము పట్టి సలపరం పెడుతుంటే నిమ్మకాయ తీసేసి డాక్టరుకు చూపించండి.

గజ్జికి వేపాకు, పసుపు కలిపి నూరి రాయడం మన దగ్గర పాత పద్ధతి. తమిళనాడులో 814 మంది మీద ఈ ముద్దనే వాడి చూసి, 97 శాతం మందికి 3 నుంచి 15 రోజుల్లో తగ్గిందని 1992లో ప్రచురించారు. పోల్చి చూడటానికి రెండో గుంపు లేని ప్రాథమిక ప్రయత్నం అది. అందుకని దాన్ని తిరుగులేని రుజువు అనలేను, తీసిపారేయనూ లేను. గజ్జి క్రీము దొరికే చోట ఆ క్రీమే ముందు. ఏది రాసినా ఇంట్లో అందరూ ఒకేసారి రాసుకుని, పక్కబట్టలు వేడినీళ్ళలో ఉడకేయకపోతే గజ్జి మళ్ళీ వస్తుంది.

అమ్మవారు పోసినప్పుడు పొక్కులు నీళ్ళతో ఉన్నంతకాలం నూరిన ముద్ద పూయకండి, రుద్దితే పగులుతాయి. చెక్కు కట్టాక వేపాకు, పసుపు వేసి కాచిన నీళ్ళతో స్నానం చేయించడంలో తప్పు లేదు. జ్వరం తగ్గకపోయినా, ఆయాసం కనిపించినా గుడికి కాదు, ఆసుపత్రికి.

ముఖానికి కూర పసుపా, కస్తూరి పసుపా? ఆఫీసుకు వెళ్ళేవాళ్ళకు కస్తూరి పసుపే వీలు, పచ్చగా కనపడరు, వాసన బాగుంటుంది. పండగ పూట పాదాలకు, పెళ్ళి నలుగుకు కూర పసుపే అందం, ఆ పచ్చదనమే అక్కడ కావాలి. సున్నిపిండిలో కలిపేందుకు రెండూ పనికొస్తాయి, సున్నిపిండి ఎక్కువ, పసుపు చాలా తక్కువ ఉండాలి. పచ్చి పసుపు మాత్రం ముఖానికి నేరుగా వద్దు, కొందరికి మండుతుంది. రోజూ రాస్తే మూతి మీద వెంట్రుకలు రాలిపోతాయనే మాట మీద పెద్ద ఆశ పెట్టుకోకండి. పసుపు పడని వాళ్ళూ ఉంటారు, దద్దుర్లు, దురద వస్తాయి. మోచేయి మడతలో కాస్త రాసి ఒక రోజు చూసి అప్పుడు ముఖానికి వెళ్ళండి. బొట్టు దగ్గర నల్లబడుతుంటే అది పసుపు పనో, కుంకుమలో కలిపిన రంగు పనో తేలాలంటే కొన్నాళ్ళు కుంకుమ మార్చి చూడటమే దారి.

కొనేటప్పుడు

పసుపులో భయపడాల్సిన కల్తీ పిండి కాదు, లెడ్ క్రోమేట్. సీసం ఉన్న ఈ పసుపు రంగును పాలిష్ పట్టేటప్పుడు కొమ్ములకు పట్టిస్తారు, పాడైన సరుకు కూడా మెరిసిపోతుంది. బంగ్లాదేశ్‌లో 1980ల్లో వరదలకు పంట తడిసి రంగు చెడినప్పుడు ఇది అలవాటైందని 2019లో వచ్చిన పరిశోధన చెప్పింది. అక్కడి ప్రభుత్వం గట్టిగా పట్టుకున్నాక, 2019లో మార్కెట్ నమూనాల్లో 47 శాతంలో కనపడిన సీసం 2021 నాటికి సున్నాకు వచ్చింది. అంటే తలచుకుంటే ఆపగలిగినదే. మన దేశంలోనూ దీన్ని కలపడం నేరం, అయినా కొన్ని రాష్ట్రాల్లో నమూనాలు దొరుకుతూనే ఉన్నాయి. చిన్నపిల్లల మెదడుకు సీసం చేసే చెరుపు తిరిగి సరిచేయలేనిది.

కాబట్టి కొమ్ములు కొనేటప్పుడు మెరుపు చూసి మోసపోవద్దు. గరుకుగా, కొంచెం మట్టి రంగులో ఉన్న తక్కువ పాలిష్ కొమ్ములే అడగండి. విరిస్తే ఠక్కున విరగాలి, లోపల ముదురు నారింజ రంగు, పైన లేత రంగు ఉండాలి. పైన మెరుపు ఎక్కువ, లోపల వెలవెల అయితే వదిలేయండి. ఒక కొమ్మును గ్లాసు నీళ్ళలో వేసి చూడండి. మంచిదైతే వెంటనే రంగు వదలదు. పొడి అయితే గ్లాసు నీళ్ళలో ఒక చెంచా వేసి కదపకుండా ఉంచండి, అడుగుకు దిగుతూ నీళ్ళను లేత పసుపుగా ఉంచితే సరే, నీళ్ళు చిక్కటి పసుపుగా మారితే రంగు కలిసినట్టు. ఇవి ఇంటి పరీక్షలే, సీసం కచ్చితంగా తేల్చేది ల్యాబు ఒక్కటే.

విదేశాల్లో ఉన్నవాళ్ళకు ప్యాకెట్ తప్ప దారి లేదు కదా అనిపిస్తుంది. 2016లో అమెరికాలో కొన్ని పసుపు పొడుల్ని సీసం ఎక్కువుందని మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించారు. అక్కడ కొనేవాళ్ళు ఆహారపు అరలో ఉన్న, ల్యాబు పరీక్ష చేయించామని రాసిన ప్యాకెట్ తీసుకుని దాన్నే పూజకూ వాడుకోవడం మంచిది. పూజా సామగ్రి అరలో ఉన్న పొడులకు ఆహారానికి ఉండే తనిఖీ ఉండదు. ఊరినుంచి వచ్చే అమ్మానాన్నల చేత పొడి కాకుండా కొమ్ములు తెప్పించుకుంటే ఇంకా నయం.

లకడాంగ్‌కు అంత డబ్బు పెట్టాలా? రంగు కోసం కూరలో తక్కువ వేసుకునేవాళ్ళకు గిట్టుబాటు కావచ్చు. దిష్టికీ, గడపకీ, నలుగుకీ అక్కర్లేదు.

కొత్త పంట ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మార్కెట్లోకి వస్తుంది, ఏడాది సరుకు అప్పుడే కొనుక్కోండి. కొమ్ముల్ని రోకలితో ముక్కలు చేసి, రెండు రోజులు ఎండబెట్టి మరకు పంపాలి. నేరుగా మిక్సీలో వేస్తే బ్లేడు పోతుంది. పొడిని వెలుతురు పడని స్టీలు డబ్బాలో పెట్టుకోండి. మర దగ్గర మాత్రం మీ ముందు ఎవరి మిరపకాయలు ఆడాయో అడిగి, రాయి తుడిపించి, మొదటి గుప్పెడు పొడిని పక్కన పెట్టించండి. కారం అంటిన పసుపు పులుసులో తెలియదు, నలుగు పెట్టేటప్పుడు తెలుస్తుంది.